ఓకే స్లిప్ వచ్చింది, కాయితం రాలేదు: మిర్యాలగూడ రైస్ మిల్లులో ఫ్యాక్స్‌ను ఈమెయిల్‌కు కలిపిన కేసు

2013 ఎండాకాలానికి ముందు మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లువాళ్లు మమ్మల్ని పిలిచారు. అప్పటికి మాది నల్లగొండలో చిన్న షాపు. ఆఫీసు ఫోన్ ఎక్స్చేంజీలు, నెట్‌వర్క్ కేబుళ్లు, లినక్స్ సర్వర్లు మా పని. మిల్లు సరుకు ఎక్కువగా కేరళ, తమిళనాడు వైపు పోతుంది. అక్కడి పార్టీలు లోడింగ్ ఆర్డర్లు, రేటు ఒప్పుకున్న కాయితాలు, డీడీ కాపీలు ఫ్యాక్స్‌లోనే పంపేవాళ్లు, ఇక్కడి నుంచి లారీ రసీదు, కాంటా చీటీ కూడా ఫ్యాక్స్‌లోనే పోయేవి. అందరికీ ఈమెయిల్ ఐడీలు ఉన్నాయి కానీ సంతకం, స్టాంపు ఉన్న కాయితానికే విలువ, అందుకని ఫ్యాక్స్ వాడకం ఆగలేదు.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, ఒక పార్టీ రేటు మార్చి ఫ్యాక్స్ పంపింది, ఇక్కడ ఎవరూ చూడలేదు, లారీ పాత రేటుకే వెళ్లిపోయింది. పార్టీ తన మెషీన్ ఇచ్చిన ఓకే స్లిప్ చూపిస్తోంది. మిల్లు గుమస్తా అసలు కాయితమే రాలేదంటున్నాడు. ఓనర్ గారు మాతో అన్న మొదటి మాట ఇదే: "మావోళ్లు రాలేదంటరు, వాళ్లు ఓకే వచ్చిందంటరు. ఎవర్ని నమ్మాలె?"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మిల్లులో ఉన్నది థర్మల్ రోల్ మెషీన్. రోల్ అయిపోతే అది వచ్చిన పేజీలను తన మెమరీలో పెట్టుకుంటుంది, అవతలి మెషీన్‌కు మాత్రం పేజీ అందిందని చెప్పేస్తుంది. ఆ మోడల్ మెమరీకి బ్యాటరీ లేదు. కరెంటు పోతే మెమరీ ఖాళీ. అప్పట్లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పైన చెప్పాపెట్టని కోతలు, కాబట్టి రోల్ అయిపోవడమూ కరెంటు పోవడమూ ఒకే రోజు జరగడం వింతేమీ కాదు.

ఈ ఓకే అనేది ఎలా వస్తుందో తెలిస్తే మేము చేసినదంతా అర్థమవుతుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఫ్యాక్స్ మెషీన్లు మాట్లాడుకునే పద్ధతికి టి.30 అని పేరు. పంపే మెషీన్ 1100 హెర్ట్జ్ కూత వేస్తుంది, అర సెకను కూత, మూడు సెకన్లు మౌనం. తీసుకునే మెషీన్ 2100 హెర్ట్జ్‌తో పలుకుతుంది. తర్వాత ఏ స్పీడులో పంపాలో తేల్చుకుని పేజీ పంపుతారు, పేజీ అయిపోయాక తీసుకున్న మెషీన్ "అందింది" అని ఒక సంకేతం వెనక్కి పంపుతుంది. పంపిన చోట ఓకే అని ప్రింటయ్యేది ఆ సంకేతం వల్లే. అంటే ఫ్యాక్స్‌లో కాల్ నడుస్తుండగానే, ఎదురెదురుగా, పేజీ పేజీకి రసీదు ఉంటుంది. ఈమెయిల్‌లో అది లేదు. మన సర్వర్ పక్క సర్వర్‌కు అప్పజెబుతుంది, అది ఇంకో దానికి ఇస్తుంది, చివర మనిషి చూశాడో లేదో, స్పామ్‌లో పడిందో ఎవరూ చెప్పరు. ఈ రెండింటినీ కలిపే పెట్టె మధ్యలో పెట్టామంటే, ఆ పెట్టె ఫ్యాక్స్ ఎత్తి ఓకే చెప్పిన క్షణం నుంచి పార్టీ దృష్టిలో కాయితం మిల్లుకు చేరినట్టే. ఆ తర్వాత అది మెయిల్‌లో ఎక్కడ తప్పిపోయినా పూచీ మిల్లుదే. కాబట్టి ఓనర్ గారికి మేము ముందే చెప్పాం, ఫ్యాక్స్‌ను పీడీఎఫ్ చేసి మెయిల్ కొట్టడం తేలిక, ఓకే చెప్పిన ప్రతి కాయితం మనిషి చేతికి చేరిందని రుజువు పెట్టుకోవడమే అసలు పని, డబ్బూ టైమూ దానికే పడతాయి అని.

ఓనర్ గారి అబ్బాయి హైదరాబాద్ ఆఫీసులో ఉంటాడు. ఆయన ముందు అడిగింది వేరే. మిల్లుకూ హైదరాబాద్‌కూ మధ్య ఐపీ ఫోన్లు, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు పెట్టుకున్నారు, వాటి మీదే ఫ్యాక్స్ కూడా పంపితే సరిపోదా అని. ప్రయత్నించి చూశారట, పేజీలో రెండు వరుసలు వచ్చి ఆగిపోయేది. ఆగక ఏం చేస్తుంది, ఆ ఫోన్లు జి.729 కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే పద్ధతి) నడుస్తున్నాయి. అది మనిషి గొంతును సెకనుకు 8 కిలోబిట్లలోకి కుదిస్తుంది, గొంతు కాని కూతలను అది మోయలేదు. జి.711లో, అంటే 64 కిలోబిట్లలో కుదించకుండా పంపితే కొంతవరకు పోతుంది, కానీ మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఒక్కొక్కటి ఆలస్యంగా వస్తుంటే మధ్యలో తెగుతుంది. దీనికోసమే 1998లో ఐటీయూ (ఫోన్ ప్రమాణాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ) టి.38 అనే ప్రమాణం తెచ్చింది, కూతలను కాకుండా వాటి వెనకున్న డేటాను ప్యాకెట్లలో పంపేది. అదే ఏడాది టి.37 కూడా వచ్చింది, దాని దారి వేరే: ఫ్యాక్స్‌ను ముందు ఒకచోట పూర్తిగా తీసుకోవాలి, ఆ బొమ్మను టిఫ్ ఫైలుగా ఈమెయిల్‌లో పంపాలి. ఈమెయిల్ వైపు దీనికి సరిపడే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2305, అదీ 1998దే. మేము రెండో దారి పట్టాం. ఇంటర్నెట్ ఫోన్ కాల్‌ను మన దేశంలో మామూలు ఫోన్ లైన్‌తో కలపడానికి అప్పటి నిబంధనలు ఒప్పుకోవు, అది ఒక కారణం. ఇంకో కారణం, ఫ్యాక్స్ కాల్ మిర్యాలగూడలోనే మొదలై మిర్యాలగూడలోనే ముగిస్తే ఇంటర్నెట్ ఎలా ఉన్నా ఫ్యాక్స్ చెడదు.

ఈ ఆలోచన పాతదే. 1993లోనే ఇంటర్నెట్ నిపుణులు కార్ల్ మలముద్, మార్షల్ రోజ్ కలిసి టీపీసీ డాట్ ఇంట్ అనే డొమైన్ పెట్టి, ఫోన్ నెంబరును అంకెలు తిరగేసి ఈమెయిల్ అడ్రసులా రాస్తే ఆ ఊళ్లో వాలంటీరు నడిపే మెషీన్ ద్వారా ఫ్యాక్స్ వెళ్లేలా చేశారు. దూరం అంతా ఇంటర్నెట్‌లో, చివరి ముక్క లోకల్ కాల్‌లో. ఇన్నేళ్ల తర్వాత మిర్యాలగూడలో మేము పెట్టింది చూస్తే మూలం అదే, నాకు ఆ ఇద్దరి మీద చాలా గౌరవం.

ఇక పెట్టిన సరంజామా. ఒక మామూలు కంప్యూటర్, అందులో రెండు హార్డ్‌డిస్కులు ఒకదానికొకటి నకలు. ఫోన్ లైన్ దిగే కార్డు ఒకటి. లినక్స్ మీద ఆస్టరిస్క్ ఫోన్ కాల్స్ చూసుకుంటుంది, హైలాఫ్యాక్స్ ఫ్యాక్సులు చూసుకుంటుంది, రెండింటి మధ్య ఐఎఎక్స్‌మోడెం అనే సాఫ్ట్‌వేర్ మోడెం, మెయిల్‌కు పోస్ట్‌ఫిక్స్. అన్నీ ఉచితంగా దొరికేవే. లేజర్ ప్రింటర్ ఒకటి, యూపీఎస్ ఒకటి. యూపీఎస్ మీద సర్వర్‌తో పాటు బ్రాడ్‌బ్యాండ్ మోడెం, స్విచ్ ఉంటాయి, ప్రింటర్‌కు మాత్రం పక్కన చిన్న ఇన్వర్టర్.

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది ఫోన్ లైనే. పార్టీల దగ్గరున్న నెంబరు ఒక్కటే, పదేళ్ల నుంచి అదే, మాటలకూ ఫ్యాక్స్‌కూ అదే. నెంబరు మార్చమంటే ఓనర్ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. అందుకని కాల్ రాగానే ఆస్టరిస్క్ ఎత్తి తెలుగులో, ఇంగ్లీషులో ఒక చిన్న పలకరింపు వినిపిస్తూ వెనకాల 1100 హెర్ట్జ్ కూత కోసం వింటుంది. కూత వినబడితే ఫ్యాక్స్ వైపు తిప్పుతుంది, లేకపోతే గుమస్తా టేబుల్ మీద ఫోన్ మోగుతుంది. పుస్తకంలో ఇంతటితో అయిపోవాలి. కానీ మన దేశంలో ఫ్యాక్స్ పంపేవాళ్లలో చాలామంది ముందు మామూలుగా రింగ్ చేసి, మనిషి ఎత్తాక "టోన్ ఇవ్వండి" అంటారు. ఇవతలివాళ్లు బటన్ నొక్కి టోన్ ఇచ్చాక అప్పుడు వాళ్లు స్టార్ట్ నొక్కుతారు. అలాంటి కాల్స్‌లో పాత మెషీన్లు ఆ కూత వేయవు, ఎంత విన్నా వినబడదు. అందుకే గుమస్తా ఫోన్‌లో ఒక కోడ్ పెట్టాం: "టోన్ ఇవ్వండి" అనగానే స్టార్, తొమ్మిది నొక్కితే కాల్ ఫ్యాక్స్‌లోకి పోతుంది. దీన్ని వాళ్లకు నేర్పడానికి ఒక చీటీ మీద రాసి ఫోన్‌కు అతికించాం, అంతే. ఏ ఊళ్లో ఇలాంటి పని చేసినా ఈ కోడ్ మర్చిపోకండి, లేకపోతే మొదటి రోజే సగం ఫ్యాక్సులు రావు, సిస్టం పనికిరాదని పేరొస్తుంది.

రెండో తంటా, కాల్ అయిపోయినా లైన్ పడిపోకపోవడం. అవతలివాళ్లు పెట్టేశాక మన కార్డుకు ఆ సంగతి తెలియాలి. ఈ లైన్ మీద అది తెలిపే గుర్తు ఏమీ రాదు, బిజీ టోన్ మాత్రం వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న లెక్క అమెరికా టోన్లది. మన బిజీ టోన్ 400 హెర్ట్జ్, 750 మిల్లీసెకన్లు మోత, 750 మౌనం. ఆ కొలతలు ఇచ్చాకే కార్డు దాన్ని గుర్తుపట్టి లైన్ వదలడం మొదలుపెట్టింది. అంతకుముందు ఒక కాల్ వస్తే చాలు, లైన్ ఎంగేజ్‌లోనే ఉండిపోయేది.

కాలర్ ఐడీ కూడా అంతే. మన పాత ల్యాండ్‌లైన్లలో నెంబరు మొదటి రింగ్‌కు ముందే వస్తుంది, లైన్ పోలారిటీ (రెండు తీగల ప్లస్, మైనస్) ఒకసారి తిరగబడి, తర్వాత అంకెలు కీప్యాడ్ టోన్ల రూపంలో వస్తాయి. అమెరికా పద్ధతిలో అది మొదటి రెండు రింగుల మధ్య, వేరే రకంగా వస్తుంది. ఆస్టరిస్క్ సెట్టింగుల్లో ఇండియా కోసమే పోలారిటీ అండర్‌స్కోర్ ఐఎన్ అని ఒక విలువ ఉంది, అది పెట్టాకే నెంబర్లు కనబడ్డాయి. నెంబరు ఎందుకంత ముఖ్యమంటే, ఏ ఫ్యాక్స్ ఎవరికి మెయిల్ చేయాలో దాన్నిబట్టే తేలుతుంది. ఫ్యాక్స్ పైన వచ్చే హెడర్‌లో పంపినవాళ్ల పేరు, నెంబరు ఉంటాయి కానీ వాటిని మెషీన్ కొన్నరోజు ఎవరైనా టైప్ చేసి ఉంటేనే ఉంటాయి, చాలా మెషీన్లలో ఖాళీ, కొన్నింటిలో తేదీ కూడా తప్పే. హైలాఫ్యాక్స్‌లో ఫ్యాక్స్‌డిస్పాచ్ అనే ఒక ఫైలు ఉంటుంది, అందులో ఈ నెంబరు నుంచి వస్తే ఈ ముగ్గురికి, ఆ నెంబరు నుంచి వస్తే ఆ ఇద్దరికి అని రాసుకోవచ్చు. నెంబరు తెలియని ఫ్యాక్స్ అందరికీ పోతుంది.

వాన పడితే లైన్‌లో గర్ర్ మంటుంది, జాయింట్లు పాతవి. స్పీడు సెకనుకు 14,400 బిట్ల దగ్గర వదిలేస్తే మెషీన్లు మొదలుపెట్టడం, కుదరక తగ్గించుకోవడం, మళ్లీ మొదలుపెట్టడం. మేము పైహద్దు 9,600కి దించాం, తప్పుల్ని సరిదిద్దే మోడ్ ఆన్ చేశాం. ఒక పేజీకి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, పడనీ. పేజీ మధ్యలో తెగిపోయి మళ్లీ కాల్ చేయడం కంటే అది నయం. పిడుగుల కాలానికి లైన్ దిగేచోట సర్జ్ ప్రొటెక్టర్, దానికి సరైన ఎర్తింగ్ కూడా పెట్టాం. మిల్లులో మోటార్ల ఎర్త్‌కు కాకుండా విడిగా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, అంటే ఓకే చెప్పాక ఏం జరుగుతుంది.

ప్రతి ఫ్యాక్స్‌కు రోజువారీ వరుస నెంబరు పడుతుంది. అది మెయిల్ సబ్జెక్ట్‌లో ఉంటుంది, ప్రింటయ్యే కాయితం మీద ఉంటుంది. మెయిల్‌లో పీడీఎఫ్ వెళ్తుంది, ఎందుకంటే టిఫ్ ఫైలు చాలా ఫోన్లలో తెరుచుకోదు, అసలు టిఫ్ మాత్రం సర్వర్‌లో ముట్టుకోకుండా ఉంటుంది. ప్రింటర్‌లో కూడా ఒక కాపీ దానంతటదే వస్తుంది. ప్రింటు ఎందుకు, దండగ కదా అని అబ్బాయి అడిగాడు. గుమస్తా పెద్దాయన, పొద్దున కాయితాలు చేతికి తీసుకుని ఒక్కొక్కటి చూసి, సంతకం పెట్టి ఫైల్ చేసే మనిషి, ఆయన పద్ధతి మార్చే అవసరం మాకు కనిపించలేదు. పైగా పాత థర్మల్ కాయితాలు బాయిలర్ పక్క గదిలో వేడికి నల్లబడి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టినవి అక్షరాలు ఎగిరిపోయి ఉన్నాయి, ఆడిటర్ అడిగితే చూపించడానికి ఏమీ లేదు. మామూలు కాయితం మీద లేజర్ ప్రింట్ అలా పోదు.

సాయంత్రం ఆరు గంటలకు ఓనర్, అబ్బాయి, గుమస్తా ముగ్గురికీ ఒక రిజిస్టర్ మెయిల్ వెళ్తుంది: ఈరోజు ఎన్ని ఫ్యాక్సులు వచ్చాయి, ఏ నెంబరు నుంచి, ఎన్ని పేజీలు, ఏ టైముకు. గుమస్తా తన దగ్గరున్న కాయితాలతో వరుస నెంబర్లు సరిచూస్తాడు. 14 తర్వాత 16 ఉంటే 15 ఎక్కడో ఉందని అర్థం, సర్వర్‌లోంచి మళ్లీ ప్రింట్ తీసుకోవచ్చు. ఇది కనిపెట్టింది మేము కాదు, వేబ్రిడ్జి దగ్గర కాంటా చీటీలు అలాగే సరిచూస్తారు, వాళ్లకు అలవాటైన పనే కాబట్టి ఒక్కరోజులో పట్టుకున్నారు.

మెయిల్ వైపు రెండు జాగ్రత్తలు. మిల్లు బ్రాడ్‌బ్యాండ్ ఐపీ అడ్రస్ రోజూ మారుతుంది, అలాంటి అడ్రస్ నుంచి నేరుగా పంపితే పెద్ద మెయిల్ సర్వీసులు తిప్పికొడతాయి లేదా స్పామ్‌లో వేస్తాయి. అందుకని పాస్‌వర్డ్‌తో లాగినయ్యే ఒక పెయిడ్ మెయిల్ ఖాతా ద్వారానే పంపాం. రెండోది చాలామందికి తెలియదు. ఇంటర్నెట్ లేకపోతే పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ను తన దగ్గరే పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, మంచిదే, కానీ మామూలు సెట్టింగులో ఐదు రోజుల దాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది, ఆలస్యమవుతోందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పదు. లోడింగ్ ఆర్డర్‌కు ఐదు రోజులంటే అది రానట్టే. మేము ఆ గడువును నాలుగు గంటలకు తగ్గించాం. అరగంటకు మించి మెయిల్ క్యూలో ఉంటే ప్రింటర్‌లో పెద్ద అక్షరాలతో "మెయిల్ పోవడం లేదు, కాయితాలు చూడండి" అని ఒక పేజీ వచ్చేలా స్క్రిప్ట్ రాశాం.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. తీసుకోలేని పరిస్థితి వస్తే తీసుకోకూడదు. డిస్కు నిండబోతున్నా, యూపీఎస్ బ్యాటరీ అయిపోవస్తున్నా సర్వర్ ఫ్యాక్స్ వైపు మూసేస్తుంది. కాల్ వస్తే మనిషి ఫోన్ మోగుతుంది, ఫ్యాక్స్ మాత్రం పలకదు, అవతలి మెషీన్ ఎర్రర్ చూపిస్తుంది, వాళ్లు మళ్లీ పంపుతారు లేదా ఫోన్ చేస్తారు. ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్చేంజీ నుంచే వస్తుంది కాబట్టి మిల్లులో అంతా చీకటైనా గుమస్తా మామూలు ఫోన్‌లో మాట్లాడగలిగేలా, సర్వర్ ఆగిపోతే లైన్ దానంతటదే ఆ ఫోన్‌కు కలిసే చిన్న రిలే పెట్టాం. ఎర్రర్ వస్తే పార్టీకి కాసేపు చిరాకు, అంతే. కాయితం పోయి ఓకే మిగలడం మాత్రం మళ్లీ జరగకూడదు.

మెయిల్ నుంచి ఫ్యాక్స్ వైపు తేలిగ్గానే కుదిరింది. హైదరాబాద్ నుంచి అబ్బాయి ఫ్యాక్స్ నెంబరును అడ్రసుగా రాసి పీడీఎఫ్ జోడించి మెయిల్ కొడితే మిల్లు సర్వర్ డయల్ చేసి పంపుతుంది. లాగిన్ లేనివాళ్ల మెయిల్ ముట్టుకోదు, లేకపోతే ఎవడో స్పామ్ పంపి ఎస్‌టీడీ బిల్లు మిల్లు మీద వేస్తాడు. ప్లస్ 91 ఉంటే తీసేసి సున్నా పెట్టడం, 08689 ఉంటే మిర్యాలగూడ లోకలే కాబట్టి కోడ్ తీసేయడం, ఇలాంటి డయలింగ్ నియమాలు కొన్ని. పంపాక అవతలి మెషీన్ ఓకే ఇస్తే ఆ ఓకే మెయిల్‌గా తిరిగి వస్తుంది, మొదటి పేజీ చిన్న బొమ్మతో సహా. కుదరకపోతే ఎందుకు కుదరలేదో వస్తుంది: ఎంగేజ్, ఎత్తలేదు, మనిషి ఎత్తాడు.

తెలుగు కాయితాల దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. మామూలు ఫ్యాక్స్ అంగుళానికి అడ్డంగా 204 చుక్కలు, నిలువుగా 98 గీతలే. ఇంగ్లీషుకు చాలు. తెలుగులో ఒత్తులు, సున్నాలు, వట్రసుడులు ఆ 98లో కలిసిపోతాయి, రైతుల పేర్లున్న ధాన్యం లిస్టు పంపితే "కృష్ణయ్య" ఎవరో తెలియదు. ఫైన్ మోడ్‌లో 196 గీతలు, అప్పుడు చదవొచ్చు, కాల్ దాదాపు రెట్టింపు సేపు పడుతుంది. తెలుగు ఉన్న ఏ కాయితమైనా ఫైన్‌లోనే పోయేలా పెట్టేశాం. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైప్ చేసిన వర్డ్ ఫైలును అలాగే జోడిస్తే సర్వర్‌లో ఆ ఫాంట్ లేక పిచ్చి గుర్తులు వస్తాయి, అందుకని ఫాంట్ లోపలే ఉన్న పీడీఎఫ్ తప్ప ఏదీ తీసుకోదని గట్టిగా చెప్పాం.

రాత్రి లారీ డ్రైవర్లు చేసే కాల్స్‌కు వాయిస్ మెయిల్ పెట్టాం. మాట రికార్డయి మెయిల్‌లో వస్తుంది. మామూలు వేవ్ ఫైల్ నిమిషానికి ఒక ఎంబీ దగ్గర పడుతుంది, 2జీ ఫోన్‌లో అది దిగేసరికి లారీ తాడిపత్రి దాటుతుంది. జీఎస్‌ఎం రకంలో వంద కేబీలకు దిగుతుంది కానీ చాలా ఫోన్లు దాన్ని పలికించవు, చివరికి తక్కువ బిట్‌రేటు ఎంపీ3 చేసి పంపాం.

రుజువు సంగతి మిల్లు లాయర్ గారు అడిగారు. కంప్యూటర్ ప్రింటును కోర్టులో పెట్టాలంటే అప్పటి సాక్ష్య చట్టం 65బీ కింద సర్టిఫికెట్ కావాలి, ఇప్పుడైతే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్. మా వైపు నుంచి చేయగలిగింది అసలు టిఫ్, కాల్ లాగ్, మెయిల్ లాగ్ మూడూ మార్చకుండా దాచడం. ఆ తర్వాత రేటు మీద తేడా వచ్చిన ఒక సందర్భంలో కోర్టుదాకా పోలేదు, గుమస్తా రిజిస్టర్ తీసి ఆ రోజు ఆ పార్టీ నెంబరు నుంచి ఎన్ని పేజీలు వచ్చాయో, ఎన్నింటికి వచ్చాయో చదివి వినిపించాడు, పార్టీ తమ స్లిప్‌తో సరిచూసుకుంది, అక్కడితో తేలిపోయింది.

ఇప్పుడు పార్టీలు చాలావరకు వాట్సాప్‌కు మారారు, ఫ్యాక్సులు తగ్గాయి, కానీ నెంబరు నడుస్తోంది. రాగి లైన్ తీసి ఫైబర్ ఇస్తామన్నప్పుడు మమ్మల్ని మళ్లీ పిలిచారు. ఫైబర్ పెట్టెకు ఉండే ఫోన్ పోర్ట్ లోపల ఐపీ ఫోనే, కాబట్టి మొదట చెప్పిన కోడెక్ తంటా అంతా ఇక్కడ మళ్లీ వస్తుంది, కరెంటు పోతే ఫోన్ కూడా పోతుంది. మీ దగ్గర కూడా మారుస్తుంటే పాత లైన్ సరెండర్ చేయకముందే కొత్త పోర్ట్ మీద పొడుగాటి ఫ్యాక్సులు, కనీసం పదేసి పేజీలవి, రెండు వైపులా పంపి చూడండి. జి.711 ఉందా, టి.38 ఉందా అని లైన్‌మన్‌ను కాకుండా ఆ పైవాళ్లను అడగండి, కాలర్ ఐడీ పద్ధతి, బిజీ టోన్ కొలతలు మళ్లీ కొలవండి, ఫైబర్ పెట్టెను సర్వర్ ఉన్న యూపీఎస్ మీదే పెట్టండి.